కప్పు కాదని నేను రాసిన రేకులు

కప్పు అంటే ఏంది? జెర చెప్పండి చూద్దాం.

మా టౌన్ ప్లానింగ్ సెక్షన్ల కొత్తగ చేరిన పిల్లలు అప్పుడప్పుడు మల్కాజ్‌గిరిల మా ఇంటికి వస్తుంటరు. రిటైరైన ముసలాయన ఏమన్న పనికొచ్చే ముచ్చట చెప్తడేమోనని వాళ్ల ఆశ. వచ్చినోళ్లను నేను మొదలు ఈ సవాలే అడుగుత. "పైన ఉండేది సార్" అంటడు ఒకడు. పైన ఆకాశం సుత ఉన్నది గద నాయనా! "పర్మనెంటుగా ఉండేది సార్" అంటది ఇంకొక పిల్ల. పెండ్లికని వేసి, ఆ పెండ్లైన పిల్లకు పిల్లలు పుట్టి, వాళ్లు క్యారమ్స్ ఆడుకునేదాంక తీయని పందిళ్లు నేను సికింద్రాబాదుల ఎన్ని చూసిన్నో లెక్కలేదు. అది పర్మనెంటా, టెంపరరీయా? ఆ పిల్ల నవ్వి చాయ్ తాగుతది.

అంత పరేషాన్ కావద్దు, నాకు సుత ఇప్పటికీ తెల్వదు. ఉద్యోగంల ఉన్నన్ని రోజులు ఎక్కిన మేడలు, దిగిన మేడలు, కొలిచిన రేకులు చూసుకుంటె ఈపాటికి తెల్వాలె. తెల్వదు. కని ఒక్కసారి మాత్రం జవాబు బరాబర్ తెల్సి, తెల్సి తెల్సి తప్పు రాసిన. మంచిపని చేస్తున్న అనుకోనే రాసిన. ఆ ముచ్చటే మీకు చెప్దామని కూసున్న.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగ ఉన్నప్పటి మాట. అప్పుడు నేను బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ను. సైకిల్, టేపు, నాతోని ఒక చైన్‌మన్, అంటే టేపు ఇంకో కొస పట్టుకునే మనిషి. అంతే మా సరంజామా. రూలు చిన్నదే. ఇంటి చుట్టు కొంత జాగ వదలాలె. వదిలిన జాగ ఆకాశానికి తెరిచి ఉండాలె. దాని మీద కప్పు వేస్తే అక్రమం, నోటీసిచ్చి కూలగొట్టాలె. ఎండకు నీడ కోసం పందిరి వేసుకుంటె మాత్రం తప్పు లేదు. మరి ఏది పందిరి, ఏది కప్పు? రూలు పుస్తకంల కప్పు అన్న మాట పేజీకొకసారి ఉన్నది గని, కప్పు అంటే ఏందో ఒక్క దగ్గర సుత రాయలే.

ఇగ జనం ఊకుంటరా! తడకలు వేసిన్రు, గోనెపట్టాలు కట్టిన్రు, తాటాకు కింద సిమెంటు రేకులు దాచిన్రు. ఒకాయనైతే మేడ మీద ఇనుప పైపులు నిలబెట్టి, పద్నాలుగు రేకులు పరిచి, మూలకు ఒక కుండీల ద్రాక్ష తీగ నాటిండు. "ద్రాక్ష పందిరి సార్" అన్నడు. తీగ ఎండిపోయి ఎన్నాళ్లైందో! "మరి ద్రాక్షపండ్లేవీ?" అంటె, "ఈసారి కాపు తక్కువ" అన్నడు. ఆ ధైర్యానికి దండం పెట్టాలనిపించింది.

గిసుంటోళ్లతోని కొట్లాడి కొట్లాడి మా పెద్దసారు ఒక ఉపాయం కనిపెట్టిండు. పెద్దసారంటె మా సెక్షన్‌కు సూపర్‌వైజర్. నిజాం కాలంల ఉర్దూ మీడియం చదివినాయన, ముక్కు మీది అద్దాల పైకెల్లి చూసుడు ఆయన అలవాటు. బీరువాల స్టాంప్‌ప్యాడ్ పక్కన ఒక ఇత్తడి చెంబు పెట్టుకుండు. గొడవొచ్చిన చోటికి ఆ చెంబు పోవాలె. చైన్‌మన్ పైకెక్కి చెంబెడు నీళ్లు అటు ఇటు తిప్పి పోస్తడు. మేము కింద నిలవడి ఒకటి, రెండు అని లెక్కవెడతం. పది లోపల చుక్క పడితే పందిరి, పడకుంటె కప్పు.

"ఇది ఏ రూల్ల ఉన్నది సార్?" అని కొత్తల నేను అడిగిన.

"ఏ రూల్ల లేదు. నేను చెప్తె కొట్లాటకొస్తరు బేటా. నీళ్లు చెప్తె ఎవడు కొట్లాడుతడు?"

నిజంగనే ఎవడూ కొట్లాడలే. వకీళ్లు సుత చెంబు మాట విని తల ఊపి పోయెటోళ్లు. ఒక్కసారి మాత్రం మోండా మార్కెట్ వెనుక ఒక షావుకారి కొత్త స్లాబు మీద పోస్తే నాలుగు అంకెల్నే బొటబొట కారింది. ఇనుము, కంకర, సిమెంటు అన్నీ ఉన్న స్లాబది! మా లెక్కన పందిరి. పెద్దసారు బుర్ర గోక్కుండు, చైన్‌మన్‌ను దిగమన్నడు. "ఈ ముచ్చట ఎవ్వరికీ చెప్పకు" అన్నడు. ఇన్నేండ్లు చెప్పలే, ఇయాల చెప్తున్న.

ఆ దినాల్లనే రాంగోపాల్‌పేట్‌ల పుస్తకాలు కుట్టే బైండరొకాయనుండె. నాకన్న పదేండ్లు పెద్ద. వాళ్ల నాయిన గుంటూరు దిక్కుకెల్లి ఇక్కడి క్రైస్తవ మిషన్‌వాళ్ల ప్రెస్సుల పనికొచ్చి స్థిరపడ్డడు. ఈయన పుట్టింది సికింద్రాబాదులనే, కని మాట మాత్రం ఇంట్ల విన్న గుంటూరు మాటనే, ప్రతిదానికి అండి. గల్లీ అంతా ఆయనను బైండరన్న అనేది. రెండు గదుల ఇల్లు, ఆరుగురు మనుషులు. ఇంటికి, పక్కింటి గోడకు నడుమ ఐదడుగుల సందు. ఆ సందు మీద జింకు రేకులు వేసి, రోడ్డు దిక్కు ఒక బల్ల పెట్టుకోని దుకాణం నడిపిస్తుండె. వీపు ఊడిన బైబిళ్లు, పాటల పుస్తకాలు, బడి హాజరు రిజిస్టర్లు, వకీళ్ల లావుపాటి బుక్కులు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేటివి. నా కొలతల పుస్తకం సుత రెండుసార్లు ఆయనే కుట్టిండు. ఆయన కుట్టిన పుస్తకం తెరిస్తే బల్ల మీద సాపుగ పడుకునేది, మీరు చెయ్యి తీసినా మూసుకోకపోయేది.

కాగితం పని గద, తడి తగలద్దు. అందుకని ఆ రేకుల కింద ఎంత వానొచ్చినా ఒక్క చుక్క రాకుండె. అట్ల కట్టుకుండు. కప్పంటె అది. దాన్ని మించిన కప్పు నేను సికింద్రాబాదు మొత్తంల చూడలే.

పక్కింటాయనకు ఆ రేకుల నీళ్లు తన గోడ మీద పడుతున్నయని తక్లీఫ్. నెలకొక అర్జీ, కార్బన్ కాపీతోని సహా. ఆయన మాట తప్పు కాదు. ఆఖరికి పెద్దసారు ఫైలు నా చేతిల పెట్టి "పోయి తేల్చుకోని రా" అన్నడు.

నేను పోయి కొలిచిన. బైండరన్న స్టూలేసి కూసోమన్నడు. చాయ్ తెప్పిస్త అన్లే, ఇంకేమన్న ఇస్త అన్లే, బతిమాలలే. చేతిల ఒక పాత బైబిలు అట్టకు కాలికో అనే బైండింగు గుడ్డ అతికిస్తున్నడు, అది అతికించుడు అయినంకనే తలెత్తిండు.

"ఇది తీసేస్తే నేనెక్కడ కూర్చుంటానండి?" అన్నడు. "ఇంట్లో కాలు చాపుకునే చోటు లేదు. కుట్టు పని రోడ్డు మీద కాదు కదండీ."

నాకు ఆ మనిషంటె ఇష్టం. దాచుకునేదేముంది. మా సెక్షన్ల ఎంతమంది దండాలు పెట్టేటోళ్లను, బెదిరించేటోళ్లను చూసినమో! ఈయన రెండూ చేయలే. నేను లేస్తూ అన్న, "రేపు పదకొండింటికి చెంబుతోని వస్త అన్నా."

"రండి సార్."

"నీళ్లు కారితే మంచిగుండు."

ఆయన రేకుల దిక్కు చూసిండు, మల్ల నా దిక్కు చూసిండు. "కారవండి. నేనే దగ్గరుండి వేయించాను."

"గదే అంటున్న. కారితే మంచిగుండు."

అప్పుడు సమజైంది ఆయనకు. మొఖం చిన్నగైంది. "నా రేకులకు నేనే చిల్లులు పెట్టుకోవాలాండీ?" అన్నడు.

"నేనేమన్లే" అని సైకిలెక్కిన. బుద్ధిమంతుణ్ని అనుకున్న నేను, ఏమీ అనకుండనే అన్నీ చెప్పిన అని.

తెల్లారి పోయేవరకు బల్ల మీద సామాను లోపలికి జరిపి ఉన్నది. పక్కింటాయన గడప మీద నిలవడి చూస్తున్నడు. చైన్‌మన్ ఎక్కిండు, పోసిండు. మూడు అనకముందే పదకొండు నీళ్ల దారాలు కిందికి దిగినయి, సన్నగ, సాపుగ. పదకొండు ఎట్ల తెల్సంటె, నేను లెక్కవెట్టిన. మేకుతోని, సుత్తితోని, కొలిచి కొట్టినట్టు వరుసగ ఉన్నయి చిల్లులు. తప్పుడు పని సుత వంకరగ చేసుడు రాదు ఆ మనిషికి. పక్కింటాయన లోపలికి పోయిండు.

బల్ల కింద ఒక బడి రిజిస్టర్ల కట్ట ఉన్నది. అది లోపలికి జరుపుడు మర్చిపోయిండట. మొత్తం తడిసి ముద్దయింది. వాటిని ఆయన విప్పి, ఆరబెట్టి, మూడు రోజులు కూసోని మల్ల కుట్టిండని నాకు మస్తు రోజులకు తెల్సింది, అది సుత ఆ బడి పంతులమ్మ చెప్తే.

ఆఫీసుకొచ్చి రాసిన: "పైన వేసినది కప్పు కాదు. ఎండకు వేసుకున్న తాత్కాలిక నీడ. నీరు నిలుచుట లేదు. చర్య అవసరం లేదు." కింద సంతకం, తేదీ. పెద్దసారు అద్దాల పైకెల్లి చూసిండు.

"మస్తు కారిందా?"

"మస్తు కారింది సార్."

"పుస్తకాలు కుట్టెటోడు ఇన్నేండ్లు వానల కూసోని కుడుతున్నడా?"

ఆయన మూతి బిగవట్టి నవ్వాపుకోని, సంతకం పెట్టి, ఫైలు పక్కకు తోసిండు. ఆ రోజు సాయంత్రమే బైండరన్న చిల్లులకు గుడ్డపేలికలు పెట్టి తారు పూసిండు. దుకాణం నిలవడ్డది. నేను ఇంటికి పోయి మా ఇంటామెకు గొప్పగ చెప్పుకున్న, నా కలం పోటుతోని ఒక మనిషి బతుకుదెరువు నిలవెట్టిన అని. ఆమె కూరగాయలు తరుగుతూ "మంచిదే" అన్నది.

అదే గల్లీల ఇంకా నలుగురైదుగురికి గసుంటి రేకులే ఉండె. వాళ్లు చిల్లులు పెట్టుకోలే. మేము నోటీసులిచ్చినం. వాళ్లు వకీళ్లను పెట్టుకోని కోర్టుల స్టే తెచ్చుకున్నరు. వాళ్ల ఫైళ్లు ఇంత లావయినయి, ప్రతి కాగితం మీద అక్రమ కప్పు, అక్రమ కప్పు అని మేమే రాసినం. వాళ్లు నన్ను గల్లీల చూస్తే మొఖం తిప్పుకునేటోళ్లు. బైండరన్న ఒక్కడే నమస్తే పెట్టెటోడు.

ఏండ్లు గడిచినయి. పెద్దసారు రిటైరయిండు. ఆయన కుర్చీకి నా పేరు ప్రమోషన్ లిస్టుల పైన ఉన్నదని అందరూ అనుకునేటోళ్లు, నేను సుత అనుకునేటోణ్ని. అప్పుడు ఆ గల్లీ రోడ్డు వెడల్పు చేస్తమన్నరు. బైండరన్న ఇంటి ముందు భాగం, ఆ సందు, బల్ల, అన్నీ రోడ్డుల పోతయి. దుకాణం పోయినోళ్లకు కొత్తగ కట్టే కాంప్లెక్స్‌ల తలా ఒక గది ఇస్తమని పైకెల్లి ఆర్డరొచ్చింది. ఒక్కటే షరతు. మా ఆఫీసు రికార్డుల ఆ దుకాణానికి కప్పు ఉన్నట్టు ఉండాలె. పందిళ్లకు, నీడలకు గదులు లేవు.

పర్మిషన్ ఉన్నదా లేదా అని ఎవ్వరూ అడగలే. కప్పు ఉన్నదా అని అడిగిన్రు. ఇగ చూడండి తమాషా! మేము నోటీసులిచ్చినోళ్లందరికీ గదులొచ్చినయి. అక్రమమైతేంది, కప్పు కప్పే గద, మేమే వందసార్లు రాసిస్తిమి. ఒకాయన అయితే పాత నోటీసు ప్లాస్టిక్ కవర్ల పెట్టుకోని వచ్చిండు, నాకు చూపించి "మీ దయ సార్" అన్నడు. వెక్కిరిస్తున్నడా, నిజంగనే అంటున్నడా నాకు అర్థం కాలే.

బైండరన్న ఫైల్ల పనికొచ్చే కాగితం ఒక్కటే. నాది. కప్పు కాదు.

ఆయన ఆఫీసుకొచ్చిండు. అప్పటికి ఆయనకు యాభై దాటినయి. "సార్, గదుల లిస్టులో నా పేరు లేదండి" అన్నడు. నాకు తెల్సు, ఆ లిస్టు తయారు చేసింది నేనే.

"అభ్యంతరాలు వింటరట, హియరింగ్ ఉన్నది. అర్జీ పెట్టు. ఇన్నేండ్ల సంది రేకుల కిందనే కూసున్న అని చెప్పు" అన్న.

"మీరు కూడా చెప్తారాండి?"

"చూద్దాం" అన్న.

సర్కారు ఉద్యోగంల మీరు మొదలు నేర్చుకునే మాట అదే. దాని అర్థం ఏందో ఆయనకు తెల్వకుండునా? తెల్సు. అయినా తల ఊపి పోయిండు. ఆ వారం రోజులు నాకు ఏ పని మీద మనసు నిలవలే. నిజం చెప్తే నా రిపోర్టు దొంగ రిపోర్టయితది, ప్రమోషన్ పోతది, ఉద్యోగం సుత పోవచ్చు. చెప్పకుంటె ఆయన దుకాణం పోతది. ఆ వయసుల ఇంకొకరి కింద కూలికి కుట్టుకోవాలె. ఎటు తిప్పి చూసినా అంతే. ఎవరన్న అడిగితే చెప్త, అడగకుంటె ఊకుంట అని ఒక ఒప్పందం నాకు నేనే చేసుకున్న. భయపడ్డోని ఒప్పందాలు గట్లనే ఉంటయి.

హియరింగ్ రోజు బైండరన్న చర్చికి పోయే తెల్లచొక్కా వేసుకోని వచ్చిండు. వినే ఆఫీసరు కొత్తాయన, చిన్న వయసు, నిక్కచ్చి మనిషి. చెడ్డోడు కాదు. ఆయన బల్ల పక్కన ఫైళ్లందించుకుంట నేను నిలవడ్డ. బైండరన్న వంతొచ్చింది.

"రికార్డులో కప్పు లేదని ఉంది. మీరు కప్పు ఉందంటున్నారు" అన్నడు ఆఫీసరు. "రెండూ నిజం కావు కదా. కప్పు ఉందని మీరు రాసిస్తే నేను ఎంక్వయిరీ వేస్తాను. అప్పుడు ఇదిగో, ఈ ఇన్‌స్పెక్టర్ గారు తప్పుడు రిపోర్టు రాసినట్టు. సస్పెన్షన్ దాకా పోతుంది. ఆలోచించుకుని చెప్పండి. కప్పు ఉందా, లేదా?"

బైండరన్న నా దిక్కు చూసిండు.

నేను ఫైలు ట్యాగు ముడి విప్పుతున్న. విప్పవలసిన పనేం లేదు దాన్ని. విప్పిన, మల్ల కట్టిన. ఒక్క మాట అంటె అయిపోవు. నోరు తెరిస్తే చాలు. సిగ్గుతోని చెప్తున్న, నేను తలెత్తలే.

"రికార్డులో ఉన్నదే నిజమండి" అన్నడు బైండరన్న. "పందిరేనండి."

ఆఫీసరు రాసిండు, కాగితం తిప్పిండు, బైండరన్న సంతకం పెట్టిండు. ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి, జీవితమంతా బైబిళ్లు కుట్టిన మనిషి, నా కోసం నిండు ఆఫీసుల అబద్ధం ఆడిండు.

మెట్ల మీద ఉరికి అందుకున్న. "గట్లెందుకన్నవ్ అన్నా?"

"ఏమనమంటారండి మరి?" అన్నడు. "ఆ రోజు నా కోసమే కదండీ మీరు రాసింది. మీకు చదువుకునే పిల్లలున్నారు. నాకు చేతులున్నాయి, ఎక్కడో ఒకచోట కుట్టుకుంటానండి." చొక్కా జేబుల పెన్ను సరిచేసుకోని, మెట్లు దిగి బస్‌స్టాప్ దిక్కు పోయిండు. నేను ఆపలే.

ఆ సాయంత్రం లోకల్ రైల్ల మల్కాజ్‌గిరి వచ్చి కూసున్న. మా ఇంటామె కంచం పెట్టింది. ముద్ద దిగకుంటె "ఏందీ, ఏమైంది?" అని అడిగింది. చెప్పిన, మొత్తం.

"ఆయన మీ కోసం అబద్ధం ఆడుతుంటె మీరు పక్కన నిలవడి విన్నరా?"

"ఆఁ."

"నిలవడి విన్నరా!" అన్నది మల్ల. కోపం చేసినా బాగుండు. కంచం తీసుకపోయి కడిగేసింది.

పొద్దుగాల్నే లేచి అరతావు కాగితం మీద రాసిన. ఫలానా ఫైల్ల నేనిచ్చిన రిపోర్టు తప్పు, అక్కడ ఉన్నది కప్పే, చెంబు నీళ్లు కారింది నిజమే గని ఆ చిల్లులు నేనే పెట్టించిన, ఆయన చెప్పిన మాట నన్ను కాపాడనికి చెప్పిన మాట. ఆఫీసు తెరవంగనే ఆఫీసరు బల్ల మీద పెట్టిన. ఆయన రెండుసార్లు చదివిండు.

"ఇది నిన్న ఎందుకు చెప్పలేదు?"

నేను అరతావును ఆయన దిక్కు ఇంకొంచెం జరిపిన.

"లిస్టు నిన్న సాయంత్రమే పైకి పోయింది. దాంతో పాటు ఆయన సంతకం చేసిన వాంగ్మూలం కూడా పోయింది. తనకు కప్పు లేదని మనిషే ఒప్పుకున్నాక నేనేం చేయను?" అన్నడు. అరతావు మడతలు సాపు చేసిండు. "దీన్ని ఫైల్లో పెట్టగలను. మీకు మెమో ఇవ్వగలను. ఈ రెండే నా చేతిలో ఉన్నాయి."

రెండూ చేసిండు. నేను పై ఆఫీసుకు రెండుసార్లు తిరిగిన, కాళ్లావేళ్లా పడ్డ. ఎక్కడికి పోయినా అదే మాట, మనిషే ఒప్పుకున్నడు గద అని. నా ఇంక్రిమెంటు ఆపిన్రు. పెద్దసారు కుర్చీల నాకన్న జూనియర్ కూసున్నడు. బైండరన్న దుకాణమూ పోయింది, నా కుర్చీ పోయింది. ఒక్క రోజు నడుమ ఎంత పని చేసిన చూడండి! ముందటి రోజు చెప్తే కనీసం ఒక్కటి దక్కు.

బైండరన్నకు ఈ అరతావు సంగతి చెప్పలే. ఏమని చెప్త? నీ కోసం రాసిన గని పనికి రాలే అని చెప్పి ఆయనతోని మంచోణ్ని అనిపించుకోవాల్నా? ఆయన ఒక ప్రెస్సుల జీతానికి కుదిరిండని విన్న. రాంగోపాల్‌పేట్ దిక్కు పనులు పడితే నేను పోక, పక్క వార్డు ఇన్‌స్పెక్టర్‌ను బతిమాలి పంపించేది.

నా రిటైర్‌మెంటుకు ఇంకా ఏడాది ఉందనంగ మా రికార్డు రూముల చెదలు పడ్డయి. పాత ఫైళ్లన్నీ దులిపి, కుట్టించి, అట్టలేయించాలని ఆర్డరొచ్చింది. పని ఒక ప్రెస్సుకిచ్చిన్రు. ప్రెస్సోళ్లు మనుషులను పంపిన్రు. ఒక మధ్యాహ్నం అటెండరొచ్చి "సార్, రికార్డు రూముల బైండింగాయన మిమ్ముల జెర రమ్మంటున్నడు" అన్నడు.

పోయిన. నేల మీద చాప, చాప మీద బైండరన్న. అద్దాలకు దారం కట్టుకుండు. జుట్టు మొత్తం తెల్లగైంది. చుట్టు ఫైళ్ల కుప్పలు.

"బాగున్నారాండి?" అన్నడు.

"బాగున్న అన్నా. నువ్వు?"

"పర్లేదండి. తొమ్మిదికి పోతే ఆరింటికి వదుల్తారు. ప్రెస్సులో ఫ్యానుంది." కొద్దిగ నవ్విండు. "పని చెప్పేవాడు మా అబ్బాయి ఈడువాడండి. ఎలా కుట్టాలో నాకు నేర్పుతుంటాడు."

నేను స్టూలు లాక్కోని కూసున్న. ఆయన పక్కన విడిగ పెట్టుకున్న ఒక ఫైలు తీసి ఒళ్లె పెట్టుకుండు. సన్న ఫైలు. మీద వాళ్ల ఇంటి నంబరు. ఆయన ఆఖరు కాగితం, నేను ఆఫీసరుకిచ్చిన ఆ అరతావు, తెరిచి నాకు చూపించిండు.

"ఇది మీ చేతిరాతే కదండీ?"

"ఆఁ."

వేలు పెట్టి, పెదవులు కదిపి, మొదటికెల్లి చివరిదాంక చదివిండు. అప్పటికే చదివి ఉంటడు, నా ముందర ఇంకొకసారి చదివిండు. కింద తేదీ మీద వేలు ఆగింది. అద్దాలు తీసి చొక్కా అంచుతోని తుడిచి మల్ల పెట్టుకుండు. క్షమించిన అంటడనుకున్న. సంతోషం సార్ అంటడనుకున్న. మనిషి ఆశ ఏం చెప్పాలె! ఇన్నేండ్లకు సుత నాకు ఒక మంచిమాట కావాలనిపించింది ఆయన నోట.

"ఒక్క రోజు ముందు రాస్తే సరిపోయేదండి" అన్నడు.

గొంతుల కోపం లేదు. లెక్కల తప్పు చూపించే పంతులు లెక్క మెల్లగ అన్నడు. కాగితాలు నేలకు తట్టి అంచులు సమానం చేసిండు, దబ్బనం తోసిండు, దారం లాగిండు.

"అవునన్నా" అన్న.